శోకం, నిరీక్షణ, ఉపశమనం: 'మై సిస్టర్ లివ్స్ ఆన్ ద మాంటెల్‌పీస్' నవల – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆంగ్ల రచయిత్రి అనాబెల్ పిచ్చర్ తొలి నవల 'మై సిస్టర్ లివ్స్ ఆన్ ద మాంటెల్‌పీస్' 2011లో వెలువడింది. ఉగ్రవాద దాడిలో కూతురిని కోల్పోయిన కుటుంబం ఐదేళ్ల తరువాత కూడా తేరుకోలేకపోవడం ఇందులోని వస్తువు. కరుణ, విప్రలంభాల మధ్య నాట్యశాస్త్రం చూపిన భేదం ఆధారంగా ఈ నవలలోని శోకస్వభావాన్ని వివరించడం, శోకోపశమనాన్ని రచయిత్రి సాధించిన తీరును, అందులోని పరిమితులను గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కౌమార సాహిత్యం, ఉగ్రవాదం, శోకం, కరుణరసం, విప్రలంభం, బాలకథకుడు.

1. ఉపోద్ఘాతం:

2005 జూలై 7న లండన్‌లో మూడు భూగర్భ రైళ్లలో, ఒక బస్సులో జరిగిన ఆత్మాహుతి దాడులు 52 మంది ప్రాణాలు తీశాయి. పిచ్చర్ నవలలోని దాడి కల్పితమే. అయినా ఆ నగరం అప్పటికే అనుభవించిన భయం దాని వెనుక ఉంది. దాడి చేసిన వారెవరు, ఎందుకు చేశారన్న ప్రశ్నల జోలికి రచయిత్రి వెళ్లలేదు. పేలుడు ముగిసి, వార్తాపత్రికలు మరచిపోయిన తరువాత ఒక ఇంట్లో ఏం జరుగుతుందన్నదే ఆమె ఎంచుకున్న విషయం. ఈ నవలకు 2012లో బ్రాన్‌ఫర్డ్ బోస్ పురస్కారం లభించింది. బాలల, కౌమార సాహిత్యంలో తొలి నవలలకు ఇచ్చే పురస్కారమిది.

2. కథాంశం:

కథకుడు జేమీ పదేళ్ల బాలుడు. అతని అక్క రోజ్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో బాంబు పేలి మరణించేనాటికి అతనికి ఐదేళ్లు. రోజ్‌కు పదేళ్లు. ఆమె కవల సోదరి జాస్మిన్‌కు ఇప్పుడు పదిహేనేళ్లు. కూతురిని ఖననం చేయాలని తల్లి, దహనం చేయాలని తండ్రి పట్టుబట్టగా, లభించిన అవశేషాలను కూడా పంచుకోవలసి వచ్చింది. తండ్రి వాటా చితాభస్మం ఒక పాత్రలో, చలిమంట గూటి పైనున్న పలక మీద ఉంటుంది. నవల శీర్షికకు ఆధారం ఇదే. బాధితుల సహాయక బృందంలో పరిచయమైన వ్యక్తితో తల్లి వెళ్లిపోతుంది. తాగుడుకు బానిసైన తండ్రి పిల్లలతో లండన్ విడిచి లేక్ డిస్ట్రిక్ట్‌లోని ఆంబుల్‌సైడ్‌కు చేరతాడు. ముస్లింలందరినీ ద్వేషించే ఆ తండ్రి కొడుకుకు కొత్త బడిలో దొరికిన ఏకైక స్నేహితురాలు సున్యా అనే ముస్లిం బాలిక.

3. శోకం లేని అనుభావాలు:

విభావాదుల సంయోగం వల్ల శోకమనే స్థాయిభావం కరుణరసంగా పరిణమిస్తుందని అలంకారశాస్త్రం చెబుతుంది. జేమీ చుట్టూ విభావాలకు కొదవలేదు. చితాభస్మం, దుఃఖంలో మునిగిన తండ్రి, ఏటా తిరిగివచ్చే వర్ధంతి, అన్నీ ఉన్నాయి. కానీ అతనికి రోజ్ సరిగా గుర్తే లేదు. గుర్తులేని అక్క కోసం కన్నీరు రాదు. ఇంట్లో మాత్రం అందరూ ఏడవవలసిందే. లోపల స్థాయిభావం లేకుండా వెలుపల అనుభావాన్ని చూపవలసి రావడం ఆ బాలుడి అసలు సంకటం.

జాస్మిన్ సమస్య దీనికి భిన్నం. ఆమె ముఖమే రోజ్ ముఖం. ఇంట్లోవాళ్లకు ఆమె ఉద్దీపన విభావంగా మారిపోయింది. ఆమె జుట్టుకు గులాబీ రంగు వేసుకోవడాన్ని కౌమారపు తిరుగుబాటుగా మాత్రమే చూస్తే చాలదు. చనిపోయినవారి ప్రతిబింబంగా బతకడానికి నిరాకరించడం అందులో ఉంది. జేమీ ఇప్పుడు రోజ్ మరణించిన వయసుకు చేరాడు. జాస్మిన్ దానిని దాటి ఐదేళ్లయింది. తండ్రి దృష్టి మాత్రం పదేళ్ల రోజ్ దగ్గరే ఆగిపోయింది. ప్రయాణంలో భస్మపాత్రకు సీటుబెల్టు పెట్టిన తండ్రి, కొడుకును బెల్టు పెట్టుకోమని చెప్పడం మరచిపోతాడు. బతికున్న పిల్లలకు దక్కవలసిన శ్రద్ధ ఎటు పోతున్నదో ఈ చిన్న చర్యే చెబుతుంది.

4. సాపేక్ష, నిరపేక్ష భావాలు:

విప్రలంభం సాపేక్షభావమని, కరుణ నిరపేక్షభావమని నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయం వివేచించింది. తిరిగి కలుస్తామన్న ఆశ మిగిలి ఉంటే విప్రలంభం, ఆ ఆశ పూర్తిగా తెగిపోతే కరుణ. శృంగారసందర్భంలో చెప్పిన ఈ భేదాన్ని కుటుంబబంధాలకు అన్వయిస్తే నవల నిర్మాణం స్పష్టమవుతుంది. రోజ్ తిరిగిరాదు. తండ్రి ఆమె ఇంకా ఇంట్లోనే ఉన్నట్లు ప్రవర్తిస్తాడు. నిరపేక్షమైన దానిని సాపేక్షంగా చూడటం అతని రోగం. తల్లి బతికే ఉంది, కాబట్టి జేమీ నిరీక్షణకు ఆధారముంది. ఆమె పుట్టినరోజుకు పంపిందని నమ్మిన స్పైడర్‌మ్యాన్ టీషర్టును అతడు విప్పకుండా తొడుక్కుంటాడు. టీవీ ప్రతిభాపోటీలో అక్కతో కలిసి పాల్గొంటే అమ్మానాన్నలు మళ్లీ ఒక్కటవుతారని ఆశపడతాడు.

ఆ పోటీ కుటుంబాన్ని కలపదు. తల్లి తిరిగి ఇంటికి రాదు. సుఖాంతాన్ని ఆశించే పాఠకుడిని రచయిత్రి ఇక్కడ బుజ్జగించలేదు. నవలలోని ఉపశమనం ఆశ నెరవేరడం వల్ల రాలేదు, ఏ ఆశను వదులుకోవాలో తెలియడం వల్ల వచ్చింది.

5. రోజర్ మరణం:

జేమీ పెంపుడు పిల్లి రోజర్ కారు కింద పడి చనిపోతుంది. మొదటిసారి అతనికి శోకం తెలుస్తుంది. కూతురి మరణాన్ని, పిల్లి మరణాన్ని ఒక త్రాసులో తూచడం అనౌచిత్యం కాదా అన్న ఆక్షేపణకు ఇక్కడ అవకాశముంది. అయితే నవల తూచింది మరణాలను కాదు, అనుభవాలను. ఎవరో ఆదేశిస్తే రాని దుఃఖం, తాను ప్రేమించిన ప్రాణి పోయినప్పుడు అడగకుండానే వచ్చింది. అప్పుడే తండ్రి భస్మపాత్రను ఎందుకు వదలలేకపోతున్నాడో కొడుకుకు అర్థమవుతుంది. తండ్రి దుఃఖాన్ని అర్థం చేసుకోవడానికి అతనికి రోజ్ జ్ఞాపకం అక్కరలేకపోయింది.

6. హాస్య, కరుణల పొందిక:

హాస్యం కరుణకు విరోధి అని ఆలంకారికులు చెప్పారు. ఆశ్రయభేదం ఉంటే ఆ విరోధం తొలగుతుందని ధ్వనికారుల మార్గం. ఈ నవలలో శోకానికి ఆశ్రయం తండ్రి. హాస్యం జేమీ అమాయకపు మాటల వల్ల పుడుతుంది, అదీ పాఠకుడిలోనే. జేమీ నవ్వించాలని మాట్లాడడు, చూసింది చూసినట్లు చెబుతాడు. అందువల్ల హాస్యం శోకాన్ని పలుచన చేయలేదు. పెద్దలు దాచుకునే సంగతులను బయటపెట్టి, దానిని మరింత భరించరానిదిగా చేసింది.

7. పరిమితులు:

సున్యా చురుకైన, ఊహాశాలి అయిన పాత్ర. తోటి పిల్లల వేధింపును ఆమె కూడా ఎదుర్కొంటుంది. ఆ గాయం కథలోకి వచ్చేది జేమీ అపరాధభావానికి సంబంధించినంత మేరకే. ఒక సమాజంపై పడిన నిందను తుడిచే బాధ్యత ఆమె మంచితనం మీద పెట్టడం ఈ నవలలోని ప్రధాన లోపం. ముస్లిం బాలిక ఇంత మంచిది కాకపోయినా తండ్రి ద్వేషం అన్యాయమే. ఆ మాట చెప్పే సందర్భం నవల కల్పించలేదు. తల్లి పాత్రకూ న్యాయం జరగలేదు. కూతురిని కోల్పోయిన ఆమె దుఃఖం కన్నా ఇల్లు విడిచిన ఆమె తప్పే ప్రముఖంగా కనిపిస్తుంది. కథనం పదేళ్ల బాలుడిది కావడం దీనికి కొంత సమాధానమే. అయితే తండ్రి లోపలి బాధను పట్టుకోగలిగిన ఆ దృష్టి తల్లి దగ్గర ఆగిపోవడానికి అది పూర్తి సమాధానం కాదు.

8. ముగింపు:

• జేమీ సంకటం శోకం ఎక్కువ కావడం కాదు, లేని శోకాన్ని ప్రదర్శించవలసి రావడం.

• తండ్రి నిరపేక్షమైన వియోగాన్ని సాపేక్షంగా భావించడం వల్ల బతికున్న పిల్లలు నిర్లక్ష్యానికి గురయ్యారు. ఉపశమనం ఈ భేదాన్ని గుర్తించడంతోనే మొదలైంది.

• ఆశ్రయభేదం వల్ల హాస్యం ఈ నవలలో కరుణకు పోషకమైంది.

• సున్యా, తల్లి పాత్రల చిత్రణలో కథకుడి దృష్టికోణపు పరిమితిని రచయిత్రి పూర్తిగా అధిగమించలేదు.

• రసవిరోధ పరిహారం, కరుణవిప్రలంభ వివేచన వంటి ప్రాచీన భావనలు సమకాలీన కౌమార నవలావిమర్శకు ఉపకరిస్తాయని ఈ పరిశీలన సూచిస్తున్నది.