ఎడమ చెయ్యి లేవాలంటే

నలభై దాటినవాళ్లం సాయంత్రం బాస్కెట్‌బాల్ కోర్టుకొచ్చి చేసేది చాలావరకు ఆటే, సాధన కాదు. వచ్చామా, రెండు జట్లుగా విడిపోయామా, చెమట పట్టిందా, ఇంటికెళ్లామా. అందులో తప్పేం లేదు, బీపీకి మంచిదే. కాకపోతే పదేళ్లు అలా ఆడినా పదేళ్ల కిందటి ఆటే ఉంటుంది. కుడిచేతివాటం ఉన్నవాడు కుడివైపు నుంచే రింగు మీదికి వెళ్తాడు. ఎడమవైపు దారి బార్లా తెరిచి ఉన్నా అటు చూడడు.

కచేరీలో కీర్తన పాడటాన్ని ఎవరూ సాధన అనరు. సరళీ వరుసలు మూడు కాలాల్లో పాడుకుంటూ, పలకని స్వరం దగ్గర ఆగి, దాన్నే మళ్లీ మళ్లీ పట్టుకోవడం సాధన. బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థులను పరిశీలించి మనస్తత్వవేత్త ఆండర్స్ ఎరిక్సన్, మరో ఇద్దరు 1993లో రాసిన వ్యాసం సారం కూడా దాదాపు ఇదే. 2008లో మాల్కం గ్లాడ్‌వెల్ పుస్తకం వచ్చాక ఆ వ్యాసంలోంచి పదివేల గంటలు సాధన చేస్తే చాలన్న మాటొక్కటే ఊరూరా పాకింది. దాన్నొక సూత్రంగా మార్చడం ఎరిక్సన్‌కు నచ్చలేదు. ఎన్ని గంటలన్నది కాదు, ఆ గంటల్లో ఏం చేశావన్నది ఆయన ప్రశ్న. రానిదాన్ని ఎంచుకున్నావా? ఎక్కడ తప్పుతున్నావో చెప్పేవాళ్లున్నారా?

రెండో ప్రశ్నకు బాస్కెట్‌బాల్‌లో జవాబు సులువనిపిస్తుంది. బంతి పడిందో లేదో రింగు అక్కడికక్కడే చెప్పేస్తుంది. ఎందుకు పడలేదో మాత్రం చెప్పదు, అది మనమే చదువుకోవాలి. రింగు వెడల్పు 45 సెంటీమీటర్లు, బంతిది 24. ఇంకేం, బోలెడంత చోటుంది అనుకుంటాం. కానీ ఆ 45 నిట్టనిలువునా పై నుంచి దిగే బంతికే. 45 డిగ్రీల వాలులో వచ్చే బంతికి ఆ వెడల్పు 32 సెంటీమీటర్ల దాకా కుంచించుకుపోతుంది. 30 డిగ్రీల్లో వచ్చేదానికి 22న్నరే, అంటే బంతి కన్నా తక్కువ. రింగు తగలకుండా పడే వీలే లేదు. మా వయసువాళ్లు మోకాళ్లు వంచడానికి బద్ధకించి, భుజబలంతో బంతిని సూటిగా విసిరేస్తారు. తర్వాత గురి కుదరలేదంటారు. గురికేం, బాగానే ఉంటుంది. బంతికి ఎత్తు లేదంతే.

బంతి ముందే ఆగిపోతే ముందుగా కాళ్లను అనుమానించాలి, పక్కలకు పోతుంటే మోచేతిని. ఈ రెండోది నాకు తెలిసింది మా కాలనీ కోర్టులో తొమ్మిదో తరగతి పిల్లాడి వల్ల. "అంకుల్, మీ మోచెయ్యి బయటికి పోతోంది, చూస్కోండి" అన్నాడు. పెద్దయ్యాక నేర్చుకోవడంలో అసలు కష్టం ఇదిగో, ఇక్కడుంది. ఒళ్లు వంగకపోవడం తర్వాతి సంగతి. ఎడమ చేత్తో లేఅప్, అంటే రింగు దాకా దూసుకెళ్లి దగ్గర్నుంచి వేసే షాట్, వేయబోతే అడుగులు తారుమారై, బంతి బోర్డు అంచుకు తగిలి రోడ్డు మీదికి పోతే, తెచ్చిచ్చేది పన్నెండేళ్ల పిల్ల. నామోషీ కాదూ!

నామోషీ మహామహులనే వదల్లేదు. 1962 మార్చి 2న అమెరికా ఆటగాడు విల్ట్ చాంబర్లిన్ ఒక్క మ్యాచ్‌లో 100 పాయింట్లు చేశాడు. అందులో ఫ్రీ త్రోలు 32కి 28 పడ్డాయి. ఫ్రీ త్రోలంటే తడబడే మనిషికి అది వింతే. ఆ రోజుల్లో అతను బంతిని రెండు చేతులతో కింది నుంచి ఊపి వేసేవాడు. తర్వాత మానేశాడు. అలా వేస్తుంటే ఆడంగితనంగా అనిపించిందనీ, మానడం తప్పేననీ తనే ఆత్మకథలో రాసుకున్నాడు. అదే పద్ధతిని పట్టుకున్న రిక్ బ్యారీ నూటికి 90 దాకా వేశాడు. పనిచేసే పద్ధతి కళ్లముందున్నా, చూసేవాళ్లు ఏమనుకుంటారోనని వదిలేయడానికి ఏడడుగుల బలశాలి కూడా అతీతుడు కాడు.

దీనికి పూర్తిగా అటువైపు మనిషి టామ్ ఆంబెరీ. కాలిఫోర్నియాలో పాదాల వైద్యుడు. రిటైరయ్యాక ఫ్రీ త్రో ఒక్కటే పట్టుకుని రోజూ వందల కొద్దీ వేసేవాడు. 1993లో, 71 ఏళ్ల వయసులో, వరసగా 2,750 వేశాడు. పన్నెండు గంటలు పట్టింది. తప్పిపోయి ఆగలేదు, జిమ్ మూసే వేళయిందని ఆపారు. ప్రతి షాటుకూ అదే నిలబడే తీరు, మూడుసార్లు నేలకు కొట్టడం, చూపు బంతి మీద గాలి కొట్టే రంధ్రం మీద.

అయితే ఆంబెరీ దారి ఫ్రీ త్రోకే సరిపోతుంది. అది ఎప్పుడూ ఒకే చోటు నుంచి, అడ్డమెవరూ లేకుండా వేసేది. లేఅప్ అలా కాదు. ఒకరోజు కుడి మూల నుంచి, ఒకరోజు నడిమధ్య నుంచి, వేగం మార్చి, అడుగులు మార్చి చేయాలి. అలా చేస్తే ఆ పూటకు అధ్వానంగా ఉంటుంది గానీ నిలుస్తుంది. ఒక్కణ్ణే ఉన్నప్పుడు నా ఎడమ చెయ్యి ఇప్పుడు కాస్త మాట వింటోంది. ఎదురుగా మనిషి నిలబడ్డాడా, కుడి చెయ్యే లేస్తుంది. ఆ తొమ్మిదో తరగతి కుర్రాణ్ణే అడ్డం నిలబడమని అడిగాను. పరీక్షలయ్యాక వస్తానన్నాడు.