రెండు యంత్రాలు, రెండు హద్దులు

జెనీవా దగ్గర భూగర్భంలో ఉన్న 27 కిలోమీటర్ల సొరంగంలో తెలిసిన ప్రతి కణానికీ ఒక జోడీ కణం ఉంటుందనే సూపర్‌సిమెట్రీ సిద్ధాంతం చెప్పే కణాల కోసం రెండు యంత్రాలు వెతికాయి. 1989 నుంచి 2000 దాకా లెప్ ఎలక్ట్రాన్లను పాజిట్రాన్లతో ఢీకొట్టింది. తర్వాత అక్కడే కట్టిన ఎల్‌హెచ్‌సీ ప్రోటాన్లను ప్రోటాన్లతో ఢీకొట్టే యంత్రం. రెండింటికీ కణం చిక్కలేదు. చిక్కలేదని ఎంత గట్టిగా చెప్పగలం అన్న దగ్గరే వాటి దారులు వేరయ్యాయి.

లెప్ ఇచ్చిన అంకె చిన్నది: విద్యుదావేశం గల జోడీ కణం చార్జినో ఉంటే దాని ద్రవ్యరాశి దాదాపు 103 జీఈవీకి (కణాల బరువునూ శక్తినీ కొలిచే ప్రమాణం) పైనే ఉండాలి. ఆఖరి ఏడాది ఢీ శక్తి 209 జీఈవీ వరకు వెళ్లింది. చార్జినోలు జంటగా పుట్టాలి కాబట్టి ఒక్కోదానికి అందులో సగమే వస్తుంది. అంటే యంత్రం తన శక్తి మేరకు దాదాపు ఆఖరి అంచు దాకా గాలించింది. దీనికీ షరతులున్నాయి, న్యూట్రినో జోడీ అయిన స్నూట్రినో బరువైనదై ఉండాలన్నది వాటిలో ఒకటి. అయినా చార్జినో, ఆవేశం లేని జోడీ కణం న్యూట్రలినోల బరువులు దాదాపు సమానమై డిటెక్టర్‌లో ఆనవాలే మిగలని చోట కూడా, ఢీకి ముందు వెలువడిన ఫోటాన్‌ను ఆధారం చేసుకుని వెతికారు. అక్కడ హద్దు 92 జీఈవీ దగ్గరికి తగ్గిందంతే. ఇంత ఓపికైన పని నాకు గొప్పగా తోస్తుంది.

ఢీ శక్తి ముందే కచ్చితంగా తెలిసే ఆ సౌలభ్యం ఎల్‌హెచ్‌సీకి లేదు. ప్రోటాన్‌లోని ఏ క్వార్కు, ఏ గ్లువాన్ ఎంత శక్తితో ఢీకొందో ముందుగా తెలియదు. అందుకే కిరణపుంజానికి అడ్డంగా ఉన్న దిశలోనే ద్రవ్యవేగం లెక్క సరిచూస్తారు. అక్కడ లోటు కనిపిస్తే ఏదో కణం కంటపడకుండా పోయినట్టు. కానీ జెడ్ బోసాన్ న్యూట్రినోలుగా విడిపోయినా అదే లోటు వస్తుంది.

ఇన్ని చిక్కుల మధ్య కూడా ఎల్‌హెచ్‌సీలోని అట్లాస్, సీఎమ్ఎస్ ప్రయోగాల బృందాలు గ్లువాన్ జోడీ అయిన గ్లుయినో హద్దును 2 టీఈవీ (2000 జీఈవీ) దాటించాయి. ఎలక్ట్రాన్‌కు గ్లుయినోతో నేరుగా సంబంధం లేదు కనుక ఈ విషయంలో లెప్ చెప్పగలిగింది బహు స్వల్పం. అయితే ఆ 2 టీఈవీ వెనక ఒక సరళీకృత నమూనా ఉంది: గ్లుయినో ప్రతిసారీ ఒకే దారిలో క్షయం చెందాలి, న్యూట్రలినో తేలికగా, స్థిరంగా ఉండాలి. న్యూట్రలినో బరువు గ్లుయినో బరువుకు చేరువైతే క్షయంలో వెలువడే కణధారల (జెట్ల) శక్తి పడిపోతుంది, హద్దు కూడా వందల జీఈవీలు కిందికి దిగుతుంది. హిగ్స్ జోడీలైన హిగ్సినోల విషయంలోనైతే ఎల్‌హెచ్‌సీ మొదలైన చాలా ఏళ్ల వరకూ లెప్ గీసిన గీతే దిక్కయింది.

తప్పు ప్రయోగకర్తలది కాదు, వాళ్లు ప్రతి పటం మీదా షరతులు రాస్తారు. షరతులు వదిలేసి అంకెనొక్కటే ఎత్తుకుని సూపర్‌సిమెట్రీ పని అయిపోయిందని ప్రకటించేవాళ్లతోనే నా పేచీ. 2015లో అట్లాస్ 19 పరామితుల నమూనాలో లక్షల సందర్భాలను పరీక్షించి, ఏవి నిలిచాయో ఏవి కొట్టుకుపోయాయో చూపింది. నా దృష్టిలో ఎల్‌హెచ్‌సీ అన్వేషణకు ఒంటరి అంకె కన్నా అదే న్యాయమైన నివేదిక. ఈసారి ఏ కణమైనా ‘ఇంత బరువు వరకు లేదు’ అన్న వార్త కనబడితే, ఏ షరతు మీద అన్నారో ఆ వాక్యం కూడా వెతికి చదవండి.