మణికట్టు కంటే ముందు పాదం

తిరుపతి మైదానాల్లో బ్యాటు పట్టిన కుర్రాళ్లు ఇప్పటికీ అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, లక్ష్మణ్ మాదిరి మణికట్టు తిప్పాలంటే ఏం చెయ్యాల?" అడిగేవాళ్లలో చాలామంది 2001 తర్వాత పుట్టినవాళ్లే. నేను చెప్పే జవాబు ఒకటే: ముందు ఆయన పాదాలు చూడండి.

2001 మార్చి, కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్. వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన స్టీవ్ వా ఆస్ట్రేలియా జట్టు 445 పరుగులు చేసింది. మనవాళ్లు 171కే కుప్పకూలి ఫాలోఆన్‌లో పడ్డారు. ఆ 171లో 59 పరుగులు ఆరో స్థానంలో దిగిన వి.వి.ఎస్. లక్ష్మణ్‌వి. రెండో ఇన్నింగ్స్‌లో ఆయన్ని మూడో స్థానంలో పంపారు.

షేన్ వార్న్ లెగ్‌స్టంప్ బయట, బౌలర్ల బూట్లు తవ్విన గరుకు చోట బంతి వేస్తున్నాడు. అక్కడ పడ్డ బంతి ఎంత తిరుగుతుందో వేసినవాడికే తెలియదు. చాలామంది అలాంటి బంతికి ప్యాడ్ అడ్డం పెడతారు. లక్ష్మణ్ క్రీజు వదిలి ముందుకొచ్చాడు. చకచకా అడుగులు వేసి, బంతి నేలను తాకే చోటికే చేరుకున్నాడు. తిరగడానికి జాగా లేకపోతే స్పిన్ ఏం చేస్తుంది? అక్కణ్నుంచి ఒకే రకం బంతిని ఒకసారి ఎక్స్‌ట్రా కవర్ మీదుగా, ఇంకోసారి స్పిన్‌కి ఎదురుగా మిడ్‌వికెట్ వైపు పంపాడు. ఎటు పంపాలో తేల్చింది చివరి క్షణంలో మణికట్టే. కానీ దానికి ఆ తీరిక ఇచ్చింది పాదాలు.

శ్రీకాళహస్తిలో కలంకారీ గీసేవాళ్లను దగ్గరగా చూసినవాళ్లకు ఆ మణికట్టు పనితనం తేలిగ్గా అర్థమవుతుంది. వెదురు కలానికి చుట్టిన బట్టను వేళ్లు ఎంత నొక్కితే అంతే రంగు దిగుతుంది. బిగించి పట్టుకుంటే గీత ముద్దవుతుంది. లక్ష్మణ్ కింది చెయ్యి బ్యాటును పట్టుకున్న తీరూ అంతే. బలం చూపించదు, దారి మాత్రం చూపిస్తుంది. ఆయన కొట్టిన ఫోర్లలో నాకు మోటుదనం ఎక్కడా కనబడదు.

నాలుగో రోజు ఉదయం స్కోరు 4 వికెట్లకు 254, సాయంత్రానికి 4 వికెట్లకే 589. నడుం నొప్పితోనే లక్ష్మణ్ 109 నుంచి 275కి చేరాడు. అవతల రాహుల్ ద్రావిడ్ రాయిలా నిలబడ్డాడు. ఇద్దరూ కలిసి 376 జోడించారు. చివరికి లక్ష్మణ్ చేసినవి 281. మనం 171 పరుగులతో గెలిచాం.

మరి లక్ష్మణ్ ప్రపంచకప్ ఎందుకు ఆడలేదని కుర్రాళ్లు అడుగుతారు. 86 వన్డేల్లో 6 సెంచరీలు చేసిన ఆటగాణ్ని 2003 జట్టులోకి తీసుకోలేదు. అది తప్పేనని నా నమ్మకం.

మన వైపు పెద్దవాళ్లు మరో ప్రశ్న వేస్తారు: లక్ష్మణ్ మాజీ రాష్ట్రపతి రాధాకృష్ణన్ గారికి చుట్టమేనా? అవును. ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణిలో పుట్టి, తిరుపతిలో చదువుకున్న సర్వేపల్లి రాధాకృష్ణన్‌కు ఆయన బంధువే.

ఈడెన్‌లో ఆయన ఆడిన ఆ 281 పరుగుల ఇన్నింగ్స్ వీడియో మళ్లీ చూసేటప్పుడు బ్యాటును కాసేపు మరిచిపోయి బూట్ల మీద చూపు నిలపండి. ఆ ఇన్నింగ్స్‌లో వార్న్ 34 ఓవర్లు వేసి 152 పరుగులిచ్చాడు, తీసింది ఒక్క వికెట్. అది సడగొప్పన్ రమేష్‌ది.