చేతికొచ్చిన పనికి లెక్క కట్టేదెవరు?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. 2015 జూలైలో వచ్చి పదేళ్లు ఆఫీసులనీ ఇళ్లనీ నడిపిన సిస్టమ్ అది. ఇక దానికి మామూలుగా భద్రతా అప్‌డేట్లు రావు. కావాలన్నవాళ్లు నమోదు చేసుకుంటే ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ 13 దాకా, పొడిగింపు ఇస్తామన్నారు. ఈ కబురు విశాఖలో గట్టిగా తగిలింది రుషికొండ ఐటీ హిల్స్‌లో పనిచేసే వాళ్లకి కాదు. వాళ్లకి మార్పు రోజూ ఉండేదే, దానికి జీతమూ ఉంటుంది. తగిలింది అల్లిపురం, డాబాగార్డెన్స్ సందుల్లో శుభలేఖలు, కరపత్రాలు, యూనియన్ మహాసభల నివేదికలు కొట్టే డీటీపీ ఆపరేటర్లకి. షిప్పింగ్ ఏజెంట్ల దగ్గర బిల్లులు తయారుచేసే గుమాస్తాలకి. ఆడిటర్ల ఆఫీసుల్లో ట్యాలీ ముందు కూర్చునే పిల్లలకి.

ఏళ్ల తరబడి ఓ చిన్న పత్రిక పని మీద ప్రెస్సుల్లో ఆపరేటర్ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నవాణ్ని. కాబట్టి నాకు తెలిసిన ఆ పని గురించే చెబుతాను.

ముందు మెషీన్ సంగతి. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరంది గానీ ఆపైది గానీ కావాలి. మేం వెళ్లే ప్రెస్సులోని కంప్యూటర్ అంతకంటే పాతది. దాంట్లో చెడిపోయిందంటూ ఏమీ లేదు. పొద్దున స్విచ్ వేస్తే రాత్రి దాకా ఆడుతుంది. అయినా పనికిరాదన్నారు, ఓనరు అప్పు చేసి కొత్తది తెచ్చాడు. డబ్బు నష్టం అక్కడితో కనబడింది. కనబడనిది ఆ మర్నాడు మొదలైంది.

తెలుగు డీటీపీ అంటే మన రెండు రాష్ట్రాల్లో చాలాకాలం పేజ్‌మేకర్, అను ఫాంట్లు. ఈ జంట మీద ఎన్ని కథల పుస్తకాలు, ఎన్ని ప్రత్యేక సంచికలు వచ్చాయో లెక్క లేదు. ఆ ఆపరేటర్లలో చాలామందికి వేళ్లు కుదిరింది ‘యాపిల్’ అని పిలిచే కీబోర్డు వరస మీద. మా ఆపరేటర్‌కీ అదే. కీబోర్డు వంక చూడదు. కళ్లు రాతప్రతి మీద ఉంటాయి, వేళ్లు వాటంతట అవే పోతాయి. నా చేతిరాతలో పొల్లు పోయినా, దీర్ఘం మిగిలినా, ఆగకుండా సరిచేసుకుంటూ కొడుతుంది. అది చదువుకుని నేర్చింది కాదు. పదహారేళ్ల వయసులో ట్రెయినింగని చేరి, జీతం లేని నెలలు గడిపి, రాత్రుళ్లు పనిచేసి చేతిలోకి తెచ్చుకున్నది.

కొత్త మెషీన్‌లో ఆ పాత సరంజామా సరిగా ఎక్కలేదు. విండోస్ 11 అరవై నాలుగు బిట్ల రూపంలోనే వస్తుంది. పదహారు బిట్ల కాలం నాటి ప్రోగ్రాములు దాంట్లో అసలు తెరుచుకోవు. ఆ తర్వాతి వాటిలో కొన్ని ఎక్కుతాయి గానీ మధ్యలో మొరాయిస్తాయి. ఎలాగూ మారుతున్నాం కదా అని ఏ మెషీన్‌లోనైనా తెలుగుగానే తెరుచుకునే యూనికోడ్‌కీ, పేజీలు కట్టే ఇన్‌డిజైన్‌కీ ఒకేసారి మారిపోవాలని నిర్ణయమైంది. కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్. మన దేశ భాషలన్నిటికీ ఒకే వరస ఉండాలని ప్రభుత్వ ప్రమాణంగా పెట్టిన కీబోర్డు అది. అచ్చుల గుణింతాలు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి వస్తాయి. బుద్ధిగా ఆలోచించి పెట్టిన వరస, కొత్తగా నేర్చుకునేవాళ్లకి నేను అదే చెబుతాను. కానీ వేరే వరసకి అలవాటుపడ్డ చేతికి?

‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం తీసుకోండి. ఇన్‌స్క్రిప్ట్‌లో అది ఆరు మీటలు. ఎమ్ కొడితే స. డి కొడితే పొల్లు. ఎల్ కొడితే త. మళ్లీ డి. జె కొడితే ర. ఆర్ కొడితే గుడిదీర్ఘం. మనం పలికే వరసలోనే అక్షరం కట్టుకుంటూ పోవాలి, ఒత్తులు ఎక్కడ కూర్చోవాలో మెషీనే చూసుకుంటుంది. పద్ధతి ఒకసారి అర్థమైతే మర్చిపోయేది లేదు. మా ఆపరేటర్‌కి మొదటి రోజే అర్థమైంది కూడా. అయినా ఆ అక్షరం దగ్గరికి వచ్చేసరికి వేళ్లు పాత మీటల మీదికి పోయేవి. తెర మీద ఇంకేదో పడేది. చెరిపి మళ్లీ కొట్టేది.

“ఏమ్మా, ఇంకా మొదటి ఫారమేనా?” అన్నాను ఓ సాయంత్రం.

“ఏటి చెయ్యమంటారు సార్? బుర్రకి తెలిసిపోనాది. చేతికే తెలీట్లేదు. బుర్రతో కొడితే పేజీకి గంట పడతంది.”

ఇంత సూటిగా ఈ విషయాన్ని ఏ కంప్యూటర్ పుస్తకంలోనూ నేను చదవలేదు. కొత్త సిస్టమ్ తెచ్చినవాళ్లు బుర్రకి చెప్పేసి పని అయిపోయిందనుకుంటారు. స్టార్ట్ బటన్ మధ్యలోకి వచ్చింది చూడండి, కుడి క్లిక్ చేస్తే కనపడనివి ‘షో మోర్ ఆప్షన్స్’ నొక్కితే వస్తాయి చూడండి అని ఓ పది నిమిషాలు చూపించి వెళ్లిపోతారు. చూపించినవన్నీ నిజమే. కానీ రోజుకి కొన్ని వందలసార్లు తెర ఎడమ మూలకి పోయే చేతికి, ఆ మూలన స్టార్ట్ లేదని తెలుసుకోవడానికి వారాలు పడుతుంది. ఈలోగా పడే విసుగుకి చేతకానితనం అని పేరు పెడతారు. అది నాకు కోపం తెప్పిస్తుంది. ఎంత బాగా పని వచ్చినవాళ్లకి అంత ఎక్కువ ఇబ్బంది ఇక్కడ. రెండు వేళ్లతో వెతుక్కుంటూ కొట్టేవాడికి ఏ కీబోర్డు అయినా ఒకటే.

ఇన్‌డిజైన్‌తో ఇంకో గొడవ. పేజీలోకి యూనికోడ్ తెలుగు పోస్తే కొన్నిసార్లు ఒత్తులు విడిపోయి, పొల్లు విడిగా, హల్లు విడిగా పక్కపక్కన నిలబడతాయి. పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో ‘వరల్డ్ రెడీ కంపోజర్’ అని ఒకటి ఉంటుంది, దాన్ని ఎంచుకుంటే అక్షరాలు చక్కగా కూడుకుంటాయి. తెలుగులాంటి లిపులకి తప్పనిసరైన ఆ అమరిక, మామూలుగా తెరిచినప్పుడు ముందు ఉండదు. తెలిసిన వాడు ఫోన్‌లో చెప్పేదాకా ఓ పూట పోయింది. కోట్ల మంది రాసే లిపి ఇంకా మినహాయింపు కిందే ఉందన్నమాట. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న అక్షరంతో ఓ రకం కూర్పు మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు ఆగిపోవడం గుర్తుండే ఉంటుంది. ఐఓఎస్ 11.2.6 పేరుతో వెంటనే మరమ్మతు పంపాల్సొచ్చింది. ప్రపంచమంతా ఆ వార్తని వింతగా చెప్పుకుంది. తెలుగుని మొదటినుంచీ అన్ని కూర్పులతో పరీక్షించి ఉంటే ఆ వార్తే ఉండేది కాదు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది పాత ఫైళ్లు. అను వంటి ఫాంట్లలో కొట్టిన తెలుగు కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ కేటాయించిన అంకెల మీద తెలుగు ముక్కల బొమ్మలు వేసుకున్న ఏర్పాటు అది. ఆ ఫాంట్ ఉన్నంతసేపూ అందంగా కనిపిస్తుంది. ఫాంట్ లేని మెషీన్‌లో తెరిచామా, డాలర్ గుర్తులు, నెత్తిన టోపీలున్న పరాయి అక్షరాలు. మా పత్రిక పాత సంచికలన్నీ కొత్త తెర మీద అలాగే వచ్చాయి. వాటిలో ఇప్పుడు లేని రచయితల కథలున్నాయి, కళింగాంధ్ర మాటలతో నిండిన కథలు. మార్పిడి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, యూనికోడ్‌లోకి తెస్తాయి. కానీ ఒత్తుల దగ్గర, అరుదైన కూర్పుల దగ్గర తప్పులు దొర్లుతాయి, ప్రతి పేజీకీ మళ్లీ ప్రూఫు చూడాలి. యాస పదాలున్న కథ అయితే మామూలు ప్రూఫ్ రీడర్ చేతిలో పెట్టలేం. ఉన్న మాటని తప్పనుకుని దిద్దేస్తాడు.

యూనికోడ్‌లో తెలుగుకి చోటు 1991లోనే దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంట్ ఉంది. మరి ప్రెస్సులు అప్పుడే ఎందుకు మారలేదని కుర్రాళ్లు అడుగుతుంటారు. ఒక్క గౌతమితో శుభలేఖ వేస్తారా, కవితా సంపుటి అట్ట వేస్తారా? అను వాళ్ల దగ్గర రకరకాల అందమైన అక్షరాలుండేవి, పని వాటితో నడిచింది. ఆ తర్వాత సిలికానాంధ్ర చొరవతో గురజాడ, గిడుగు, మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా వచ్చాయి. ఎవరైనా దింపుకుని వాడుకోవచ్చు. మన ఉత్తరాంధ్ర పెద్దలిద్దరి పేర్లు ఫాంట్ల మెనూలో చూసినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది. ఆ అక్షరాలు పెట్టిన కథలు ఇంకే సిస్టమ్‌కి మారినా తెలుగుగానే తెరుచుకుంటాయి. ఇన్ని చిక్కులున్నా ఈ మార్పు వైపే నేను నిలబడడానికి కారణం అదే.

పాతదే పట్టుకుని ఉండొచ్చు కదా అంటే, ఉండకూడదు. 2017 మే 12న వానాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, శ్రీకాకుళం జిల్లాలతో పాటు మన విశాఖలోనూ పోలీసు కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఫైళ్లకి తాళం వేసి, డబ్బిస్తే తీస్తామన్నారు. దానికి విరుగుడు అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది. అది వేసుకోనివాళ్లు దొరికిపోయారు. తర్వాతి నెల నాట్‌పెట్యా దెబ్బకి ముంబై దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో ఒక టెర్మినల్ పని ఆగింది. పోర్టు మీద బతికే ఊళ్లో ఉన్నవాళ్లం, టెర్మినల్ ఆగితే గేటు బయట ఎన్ని లారీలు నిలబడతాయో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. కాబట్టి మారాలా వద్దా అన్నది నా ప్రశ్న కాదు. మారడానికి పట్టే కాలం ఎవరి ఖాతాలో రాస్తున్నాం అన్నదే ప్రశ్న.

ఈ లెక్క మన ఊరికి కొత్త కాదు. స్టీల్‌ప్లాంట్‌లో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని బ్లాస్ట్ ఫర్నేస్‌లున్నాయి. క్యాపిటల్ రిపేర్‌కి ఒక ఫర్నేస్‌ని ఆపారంటే నెలల తరబడి దాన్నుంచి హాట్ మెటల్ రాదని ముందే రాసుకుంటారు. కొత్త లైనింగ్, కొత్త కంట్రోళ్లు పెట్టాక మొదటి రోజే పూర్తి ఉత్పత్తి తెమ్మని ఎవరూ అనరు. మెల్లగా వేడెక్కిస్తారు, గాలి మెల్లగా పెంచుతారు, మొదటి ట్యాపింగ్ అయ్యాక కూడా నిదానంగా రేటు ఎక్కిస్తారు. తొందరపెడితే పగిలిపోతుందని అందరికీ తెలుసు. ఇటుకకీ ఇనుముకీ ఇచ్చే ఆ గడువుని, అదే ఊళ్లో కీబోర్డు ముందు కూర్చున్న మనిషికి మనం ఇవ్వడంలేదు. సోమవారం సిస్టమ్ మార్చి మంగళవారం పాత వేగం అడుగుతున్నాం.

ఆ గడువు ఇవ్వడం సాధ్యమేనని కేరళ చూపించింది. అక్కడ ప్రభుత్వ బడుల్లో కంప్యూటర్ చదువుని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదికి, లినక్స్ మీదికి మార్చారు. మార్చేటప్పుడు టీచర్ల శిక్షణని ఆ పథకంలో భాగం చేశారు. ఊరికే సీడీలు పంచి చేతులు దులుపుకోలేదు. అందుకే అది నిలబడింది. మన దగ్గర స్వేచ్ఛ సంస్థ తెలుగులోనే ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది. మంచి ప్రయత్నం, ఎంతోమంది కుర్రాళ్లు ఇష్టంతో చెమటోడ్చిన పని. కానీ ఆఫీసుల్లో పనిచేసే వాళ్లకి పని గంటల్లోంచి దాన్ని నేర్చుకునే సమయం ఇచ్చినవాళ్లు తక్కువ.

డీటీపీలో కూలి పేజీ లెక్కన. ఈ రంగంలో అన్యాయమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. కంపెనీ వాళ్లు సిస్టమ్ మార్చారు, ఓనరు మెషీన్ మార్చాడు, సాఫ్ట్‌వేర్ మార్చమని మాలాంటి పత్రికల వాళ్లం అడిగాం. రోజుకి కొట్టే పేజీలు సగానికి పడిపోయి, కూలి సగమైంది మాత్రం ఆపరేటర్‌కి. నిర్ణయంలో చోటులేని మనిషే ఖర్చంతా భరించింది. ఇంకోటి కూడా ఉంది. ఆ అమ్మాయి పాత వేగాన్ని సంపాదించుకున్నదీ తన సొంత ఖర్చుతోనే. దాన్ని మనం ఒక్క పూటలో కొట్టేశాం.

మా పత్రిక వరకు పద్ధతి మార్చాం. కొత్త సిస్టమ్ మీద చెయ్యి కుదిరేదాకా పేజీ లెక్క కాదు, రోజు కూలి. ఆ రోజు కూలి ఆమె పాత వేగంతో సంపాదించినంత. పాత మెషీన్‌కి నెట్ తీసేసి పక్కనే ఉంచాం, అత్యవసరమైనవి అందులో కొట్టుకోవచ్చు, పాత ఫైళ్లు తెరుచుకోవచ్చు. సంచిక ఆలస్యమవుతుందని చందాదారులకి ముందే రాశాం, ఎవరూ కోప్పడలేదు. యూనికోడ్‌లోనూ పాత యాపిల్ వరసనే ఇచ్చే కీబోర్డు సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అది పెట్టుకుంటావా, ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకుంటావా అన్నది ఆమెనే తేల్చుకోమన్నాం. నాలుగు రోజులు ఆలోచించి ఇన్‌స్క్రిప్ట్ అంది. రేపు ఇంకో చోట పనికి వెళ్లినా పనికొస్తుందట. ఓనరు కూడా ఆ రోజు కూలిలో సగం భరిస్తానన్నాడు. ఆ ధైర్యం అతనికి అంత తేలిక కాదు, పక్క సందులో ఇంకా పేజ్‌మేకర్‌తో తక్కువ రేటుకి కొట్టేవాళ్లున్నారు.

“సార్, ఆదివారాలు షాపు తాళం నాకు ఇచ్చీమనండి. ఎవరూ ఉండరు, నేర్సుకుంటాను,” అంది మొన్న.

ఆదివారం వద్దన్నాను. సోమవారం పదింటికి, వచ్చిన వెంటనే, మొదటి గంట ప్రాక్టీసు. ఆ గంట కూడా పనే, దానికి కూడా కూలి రాయమని ఓనరుకి చెప్పాను. రాస్తున్నాడు.