నెమెర్లేకు చోటుందా?

2011 ఫిబ్రవరిలో ఇంగ్లీషు వికీపీడియాలో ఒక తగవు జరిగింది. పోలెండులోని వ్రొత్స్వావ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన నెమెర్లే అనే కంప్యూటరు భాష మీది వ్యాసాన్ని తొలగించారు. గొడవ చెలరేగాక తిరిగి చేర్చారు. తెలుగు ఎం.ఏ. చదివి బళ్ళో పాఠాలు చెప్పుకునే నాకు ఇందులో పనేమిటని పాఠకులు అడగవచ్చు. దేన్ని గుర్తించాలి, ఏ ప్రమాణంతో గుర్తించాలి అన్నదే అక్కడి ప్రశ్న. అది విమర్శకుడి ప్రశ్నే.

తొలగించమన్న వారి వాదన సూటిగా ఉంది. ఒక విషయానికి వ్యాసం ఉండాలంటే, దానితో సంబంధం లేనివారు నమ్మదగిన చోట దాని గురించి తగినంత రాసి ఉండాలి. నెమెర్లేకు అలాంటి ఆధారాలు చాలవన్నారు. ఈ నియమాన్ని నేను తేలిగ్గా కొట్టివేయను. అది లేకపోతే ప్రతి వర్తకుడూ తన సరుకు మీద, ప్రతి కవీ తన తొలి సంపుటి మీద వ్యాసం రాసుకుంటాడు. మిత్రులు రాసే ముందుమాటలు చదివిన మనకు ఆ బాధ తెలియనిది కాదు.

కానీ ఈ నియమం తూచేది భాష చుట్టూ పోగైన కాగితాన్ని. భాషలో ఏముందో అది అడగదు. ఆ సంగతి నాకు నా పాత విద్యార్థి ఒకడు విడమరచి చెప్పాడు. చాలా భాషల్లో షరతు చెప్పే 'ఇఫ్', మళ్ళీ మళ్ళీ చేయమనే 'వైల్' తయారుచేసినవారు బిగించి ఇచ్చినవి. నెమెర్లేలో అవి కూడా మాక్రోలే, అంటే ఆ భాషతోనే అల్లిన నిర్మాణాలు. వాడేవాడు తనకు కావలసిన కొత్త వాక్యరూపాన్ని తానే చేర్చుకోవచ్చు. మాక్రోలు లిస్ప్‌లో ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిని మైక్రోసాఫ్టు డాట్‌నెట్ మీద నడిచే, సీ-షార్ప్‌ను పోలిన భాషలోకి తేవడం ఇక్కడి విశేషం. వ్యాకరణాన్ని వాడుకరి చేతికిచ్చిన భాష! చిన్నయసూరి సూత్రాలకూ గిడుగు వాడుకకూ మధ్య నలిగిన జాతికి దీని విలువ వేరే చెప్పాలా?

వాడేవారు కొద్దిమందే, నిజం. అయితే అమ్ముడైన ప్రతులు లెక్కపెట్టి కావ్యాన్ని అంచనా వేస్తామా? అలాగని అభిమానులు కోపంతో చేతులెత్తినంత మాత్రాన అర్హత రుజువు కాదు.

కొమర్రాజు లక్ష్మణరావు 1923లో కన్నుమూసేనాటికి ఆయన విజ్ఞాన సర్వస్వం అకారం దాటలేదు. అచ్చుపుస్తకానికి కాగితమూ డబ్బూ కరువు. ఒకటి చేరాలంటే మరొకటి ఆగాలి. వికీపీడియాలో కరువు సరిచూసే మనుషులకు. కాబట్టి అడగవలసింది, రాసినదాన్ని సరిచూడగలమా అని. నెమెర్లే విషయంలో చూడగలం. దాని మూలం అందరికీ తెరిచి ఉంది, పరిశోధనా పత్రాలూ ఉన్నాయి.

ఇదే నియమం మన ఒగ్గుకథ కళాకారుడి దగ్గరికి వస్తే సమస్య ఇంకా కఠినం. అతని మీద పత్రాలు లేవు, విన్న ఊళ్ళున్నాయి. రెండూ ఒకటేనని వాదించను. నెమెర్లేకు మాత్రం చోటివ్వాలి. రెండు పేజీలు చాలు. అందులో వాడినవారు తక్కువన్న సంగతి కూడా రాయాలి.