ముందు అనుమానం, తర్వాత బొమ్మ

కంపెనీ గురించి చిన్న యానిమేషన్ వీడియో చేయించుకుందామని వచ్చేవాళ్లు చాలామంది ముందు ఫోన్ తీసి ఇంకెవరిదో వీడియో చూపిస్తారు. "మాకూ అచ్చం ఇలాగే కావాలండీ" అంటారు. అందులో బొమ్మలు 3డీలో ఉంటే 3డీ అడుగుతారు. తెల్లబోర్డు మీద చెయ్యి గీసుకుంటూ పోతే అదే అడుగుతారు. అప్పటికి స్క్రిప్టు ఉండదు, చూసేదెవరో తేలి ఉండదు. ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉండి నేను గట్టిగా పట్టుకున్న మాట ఒక్కటే. చూసేవాళ్ల మనసులో ఏ అనుమానం అడ్డుపడుతోందో తెలిసేదాకా బొమ్మ ఎలా ఉండాలో తేల్చకూడదు.

సియాటిల్‌లో లీ లెఫెవర్, సాచి లెఫెవర్ అనే దంపతులు 2007లో కామన్ క్రాఫ్ట్ పేరుతో ఇలాంటి వీడియోలు మొదలుపెట్టారు. ఓ తెల్లబోర్డు, కత్తిరించిన కాగితం బొమ్మలు, పైన కెమెరా, అంతే సరంజామా. వేళ్లు కాగితాన్ని ఫ్రేములోకి తోస్తాయి, దాని పని అయిపోగానే లాగేస్తాయి. 2009లో ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచిపెట్టే డ్రాప్‌బాక్స్‌కు చేసిన వీడియోది కూడా ఇదే పద్ధతి. అప్పట్లో ఆ కంపెనీ హోమ్ పేజీలో ఆ వీడియో, దాని కింద డౌన్‌లోడ్ బటన్ తప్ప పెద్దగా ఏమీ ఉండేది కాదు. 'నా ఫైళ్లు ఎక్కడికి పోతాయి? కంప్యూటర్ పాడైతే నా గతేంటి?' అన్నది జనం భయం. నీలిరంగు వెలుగుల్లో సర్వర్ల వరసలు చూపించి ఉంటే ఆ భయం ఇంకాస్త పెరిగేది. కాగితం ముక్క అటూ ఇటూ జరిగితే మాత్రం 'ఓస్, ఇంతేనా' అనిపిస్తుంది. డబ్బు తక్కువై ఎంచుకున్న పద్ధతిలా నాకు అది ఎప్పుడూ కనిపించలేదు. ఆ విషయానికి అంతకంటే సరైన బొమ్మ దొరకదు.

తెల్లబోర్డు మీద గీసే పద్ధతి 2010లో లండన్‌లోని ఆర్‌ఎస్‌ఏ సంస్థ ఉపన్యాసాలకు ఆండ్రూ పార్క్ గీసిన బొమ్మలతో బాగా పాకింది. చదువుల మీద కెన్ రాబిన్సన్ మాట్లాడుతుంటే ఒక బొమ్మ పక్కన ఇంకో బొమ్మ చేరుతూ వాదమంతా బోర్డు మీద పెరుగుతుంది. చివర్లో కెమెరా వెనక్కి జరిగితే మొత్తం ఒక్కసారిగా కనిపిస్తుంది. అంత పొడుగు వాదం లేని స్క్రిప్టులో ఆ చేతికి పనేముంది? పైగా రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు రాయిస్తే ఆ చెయ్యి అక్షరాన్ని ఎక్కడ పడితే అక్కడ మొదలుపెడుతుంది. పలక మీద అఆలు దిద్దుకున్నవాళ్లకు ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది.

చిన్న తల, బారెడు చేతులు, ఊదారంగు ఒళ్లు ఉన్న మనుషుల బొమ్మలు మీరూ చూసే ఉంటారు. 2017లో ఫేస్‌బుక్ కోసం బక్ అనే స్టూడియో చేసిన బొమ్మల తర్వాత అవే అన్నిచోట్లా పరుచుకున్నాయి. ఏ దేశం వాళ్లకూ పరాయిగా అనిపించకుండా గీసిన మనుషులు వాళ్లు. అప్పు గురించి, పంట గురించి మాట్లాడాల్సిన చోట అలాంటి ఊరూ పేరూ లేని మనిషిని నిలబెట్టడానికి నేను ఒప్పుకోను.

గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ నడిపే ఒకాయన 3డీ కావాలని వచ్చారు. గేటు తెరుచుకోవాలి, కెమెరా గాల్లో ఎగురుతూ లోపలి అంతస్తులన్నీ చుట్టి రావాలి. "ఎంత పెద్దదో రైతుకు తెలియాలి కదండీ" అన్నారు. మిర్చి యార్డు దగ్గర రైతులతో మాట్లాడితే గిడ్డంగి ఎంత పెద్దదని అడిగినవాళ్లే లేరు. నా టిక్కీలు (మిర్చి బస్తాలు) నాకే వస్తాయా, వేరేవాళ్ల సరుకులో కలిసిపోవా? ఏసీలో పెడితే కాయ రంగు నిలుస్తుందా? సరుకు మీద లోను తీసుకున్నాక ధర పడిపోతే ఏం చెయ్యాలి? ఇవీ వాళ్ల ప్రశ్నలు.

మొదటి రెండూ కళ్లతో చూస్తే తప్ప తీరని అనుమానాలు. వాటికి బొమ్మ గీస్తే ఎవరూ నమ్మరు. అందుకని అక్కడ కెమెరానే వాడాం. టిక్కీ మీద రంగుతో రాసిన లాట్ నంబరు, రసీదు మీద అదే నంబరు, నెలల తర్వాత బయటికి తీసిన టిక్కీ మీద మళ్లీ అదే నంబరు. లోను సంగతి వేరు. వడ్డీ, ధర, గడువు కెమెరాకు దొరికేవి కావు. వాటిని సాదా 2డీలో గీశాం. ఎడమవైపు టిక్కీలు, కుడివైపు ధర గీత, కింద నెలనెలా పెరిగే వడ్డీ. ధర పడిన నెలను కూడా దాచకుండా చూపించాం. యజమానికి మొదట అది మింగుడుపడలేదు గానీ రైతు అడిగిన ప్రశ్నే అది.

సాదా బొమ్మ అంటే ఎలాగైనా గీయొచ్చని కాదు. మా ఆర్టిస్టు మొదట గీసింది బియ్యం బస్తా. మిర్చి టిక్కీ అలా ఉండదు. బిర్రుగా కూరి మూతి కుట్టేసి ఉంటుంది, గోనె సందుల్లోంచి ఎరుపు కనిపిస్తుంది. కాయల్లోనూ తేజ సన్నగా ఉంటుంది, బాడిగ ఒంటినిండా ముడతలే. నాలుగు గీతల బొమ్మలోనైనా ఆ రెండింటికీ తేడా తెలియకపోతే మిగతా లెక్కను రైతు ఎందుకు నమ్మాలి? కర్ణాటక నుంచి వచ్చే రైతుల కోసం కన్నడం గొంతు కూడా పెట్టాలి కాబట్టి ఏ పాత్రకూ పెదవులు కదపలేదు.

తెరమీది అక్షరాల సంగతీ ముందే చూసుకోవాలి. ఇంగ్లిష్ కోసం చేసిన టెంప్లేట్లలో అక్షరాలు ఒక్కొక్కటిగా ఎగిరొచ్చి కూర్చుంటాయి. తెలుగులో అలా చేయబోతే వొత్తు ఒకచోట, గుడి ఒకచోట విడిపోయే ప్రమాదం ఉంది. నేను మాట మొత్తాన్నీ ఒకేసారి తెప్పిస్తాను, వరసల మధ్య ఎడం కూడా ఎక్కువే ఉంచుతాను. చాలామంది చూసేది ఫోన్లోనే కదా.

వడ్డీ శాతం మారుతూ ఉంటుంది. అందుకే గొంతులో "ఈ ఏడాది వడ్డీ" అనే ఉంటుంది, అంకె తెరమీదే కనిపిస్తుంది. సీజన్‌కు ముందు ఆ అంకె ఒక్కటీ మార్చి పంపిస్తే చాలు. గేటు మీద కొత్త బోర్డు పెట్టారని మొన్న ఫోన్ వచ్చింది. వీడియోలోని గేటు షాట్ కోసం మాత్రం కెమెరా పట్టుకుని మళ్లీ గుంటూరు వెళ్లాలి.