మానుకోవడం వేరు, తప్పించుకోవడం వేరు

రాజుపాలెంలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు సాయంత్రాలు ఇంగ్లీషు చెబుతుంటాను. వాళ్ల గైడులో 'ఎస్‌చూ' అనే క్రియకు 'అవాయిడ్' అని ఒక్క మాటే అర్థం ఉంది. దాన్ని నమ్మి ఒకమ్మాయి, కుందూ నదికి నీళ్లొచ్చి బస్సు పాతదారిని 'ఎస్‌చూ' చేసిందని వాక్యం రాసింది. సరిపోదంటే, "రెండూ ఒకటే గదా సార్?" అనింది. ఆ పిల్ల తప్పేమీ లేదు. తప్పు గైడుది.

ఏరు పొంగితే దారి మార్చుకుంటాం, అది అవాయిడ్. అప్పిచ్చినాయన ఎదురొస్తే మొగం తప్పించుకొని సందులో దూరితే ఇవేడ్. అయ్యప్ప మాల వేసుకున్నాయన 41 దినాలు మాంసం, మందు ముట్టడు, చెప్పులు తొడగడు. ఎస్‌చూ అంటే అదీ. కావాలంటే అన్నీ దొరుకుతాయి, అయినా వద్దని తనకు తానే కట్టడి పెట్టుకున్నాడు. షుగరొచ్చి, డాక్టరు గట్టిగా చెప్పాక తీపి మానేసినాయనకు ఈ మాట అంతగా అతకదు.

దీని వెనక 'ఫ్రమ్' చేర్చకూడదు. అలవాటు, ఆడంబరం, హింస లాంటివాటినే ఎక్కువగా ఎస్‌చూ చేస్తారు. మనిషిని దూరం పెడితే 'షన్' అంటారు. ఎస్‌చూ రాతలో వచ్చే మాట, మామూలు సంభాషణలో బరువుగా ఉంటుంది.

పాత ఫ్రెంచి నుంచి వచ్చిన ఈ మాట, 'షై'కి చుట్టం. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో యోబు చెడును దగ్గరికి రానియ్యలేదని చెప్పడానికి దీన్నే వాడారు. తెలుగు బైబిల్లో అదే చోట 'విసర్జించు' ఉంది. ఎంత సరైన ఎంపిక! ఆ పుస్తకం చదివే ఇండ్ల పిల్లలకు నేను వేరే ఉదాహరణ వెతకను.

మాటకు మాట ఎదురుపెట్టి వదిలేయకుండా వాడుక చూపించే పని మన జిల్లాకు కొత్త కాదు. 1820లో కడపకు ఉద్యోగానికొచ్చిన సి.పి. బ్రౌన్ ఇక్కడ పండితులను కూర్చోబెట్టుకొని పనిచేశాడు. 1852లో అచ్చయిన ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో ఎన్నో మాటల పక్కన కావ్యాల్లోంచి, జనం నోట్లోంచి తీసుకున్న ప్రయోగాలుంటాయి.

గైడులు వేసేవాళ్లు మాట మాటకూ కనీసం ఒక్క వాక్యం చేర్చాలి. పిల్లలూ, వాక్యం లేని గైడు కొనొద్దండి. కడపలో బ్రౌన్ బంగళా ఉన్నచోటే ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. సెలవు దినం పోయి ఆ నిఘంటువు తిప్పి చూడండి.